బోనులో టీవీ, చేతిలో పట్టకారు

ఆ రోజుల్లో నాకు చేతకాని పని ఒకటి ఉంటుందంటే నమ్మేదాన్ని కాదు. బీఈడీ పూర్తి చేసి, రేపల్లెలో ఒక మిషన్ బడిలో సైన్సు టీచరుగా చేరిన కొత్త. పొద్దున్నే తెనాలిలో పాసింజరు ఎక్కి, కిటికీ పక్కన చోటు దొరికితే ఆ రోజు పాఠం బాగా వస్తుందని, దొరక్కపోతే రాదని అనుకుంటూ వెళ్ళేదాన్ని. (ఇప్పుడు నిలబడడానికి చోటు దొరికినా దణ్ణం పెట్టుకుంటున్నాను.) వయసులో ఉన్న మనిషి పట్టుదలకీ తెలివికీ పెద్దగా సంబంధం ఉండదని నాకు తెలియజెప్పింది ఒక టీవీ.

ఆ టీవీని బడిలో చదువుకుని పైకొచ్చిన పాత విద్యార్థులు పదో తరగతి గదికి ఇచ్చారు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు, రిబ్బను కత్తిరించారు, అందరికీ కేకు ముక్క, మిక్చరు పంచారు. అక్కడితో దాని ఉద్యోగం అయిపోయింది. కారణం ఏమిటంటే, అంతకు ముందు వేసవి సెలవుల్లో ఎవరో మా బడి ఫ్యాన్లు విప్పుకుపోయారు. ఆ దెబ్బకి మా పెద్ద మాస్టారు (హెడ్మాస్టరు గారిని అందరం అలాగే అనేవాళ్ళం) టీవీకి ఇనప బోను చేయించారు. బోనులు చాలా బళ్ళలో ఉంటాయి గానీ, మా బోనుకి తలుపు లేదు. తలుపుంటే తాళం ఉంటుంది, తాళం ఉంటే ఎవడో ఒకడు పగలగొడతాడు అని ఆయన బాగా ఆలోచించి, టీవీని లోపల పెట్టించి, నాలుగు వైపులా ఊచలు వెల్డింగు చేయించి, బోనుతో సహా గోడకి ఎత్తున బిగించేశారు. దొంగ కాదు కదా, వాడి తాత వచ్చినా లోపలికి చెయ్యి పట్టదని చూడవచ్చిన వాళ్ళందరికీ చెప్పేవారు. నిజమే, టీచర్ల చెయ్యి కూడా పట్టేది కాదు. రిమోటు మాత్రం ఆయన సొరుగులో పాలిథిన్ కవరు తొడుక్కుని, పైన రబ్బరు బ్యాండు చుట్టుకుని భద్రంగా ఉండేది.

ఒకరోజు పదో తరగతికి గుండె పాఠం చెబుతూ బోర్డు మీద బొమ్మ వేశాను. నేను వేసే బొమ్మలు ఎప్పుడూ కాస్త కూరగాయల వైపు మొగ్గుతాయి. ఆ రోజు గుండె కూడా వంకాయలా వచ్చింది. పిల్లలు మర్యాదగానే నోట్సులోకి దించుకున్నారు గానీ, ముందు బెంచీ అమ్మాయి లేచి, ఇది కొట్టుకుంటున్నప్పుడు ఎలా ఉంటుంది టీచర్ అని అడిగింది. రెండు చేతులూ మూసి తెరిచి ఏదో చేసి చూపించాను. ఆ పిల్ల ముఖంలో ఏమీ వెలగలేదు. అది చూసి నాకు చాలా బాధ వేసింది. నిజంగా కొట్టుకునే గుండెనే చూపిస్తానని మాట ఇచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే స్టాఫు రూములో మా డ్రిల్లు మాస్టారు టీవీ సంగతి ఎత్తారు. అక్కడ ఊరికే దుమ్ము కొట్టుకుపోతోంది కాబట్టి స్టాఫు రూముకి మార్పించి కేబులు పెట్టిస్తే నలుగురికీ పనికొస్తుందన్నారు. (క్రికెట్టు పోటీలు దగ్గర పడుతున్నాయన్న సంగతి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.) పెద్ద మాస్టారు సరేననబోతుంటే నేను లేచి నిలబడ్డాను.

"ఆ టీవీలో నేను పాఠం చెప్తానండి."

"కేబులు కనెక్షనే లేదు కదమ్మా, ఎట్లా చెప్తావు?"

"ల్యాప్‌టాప్ తగిలించి చెప్తానండి."

ఆయన నన్నూ, కిటికీలోంచి కనబడే పదో తరగతి గదినీ మార్చి మార్చి చూశారు. చివరికి శనివారం ఆఖరి పీరియడు నాదన్నారు. బొమ్మ వస్తే టీవీ పిల్లలకే ఉంటుంది, రాకపోతే సోమవారం వెల్డింగు అతను వచ్చి బోనుతో సహా స్టాఫు రూముకి మార్చేస్తాడు. నేను తల ఊపి కూర్చున్నాను. కూర్చున్నాక గుర్తొచ్చింది, నాకు ల్యాప్‌టాప్ లేదు.

అన్నయ్య ఇంజనీరింగు చదివి వదిలేసిన ల్యాప్‌టాప్ ఒకటి మా ఇంట్లో బీరువా మీద ఉండేది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, గోడ ప్లగ్గు వదిలితే మరుక్షణం నిద్రపోతుంది. పైగా బొమ్మ బయటికి పంపడానికి దానికున్నది పాతకాలపు నీలం రంగు ప్లగ్గు, టీవీకున్నది సన్నటి బల్లపరుపు రంధ్రం. వీళ్ళిద్దరినీ కలిపే తీగ కోసం తెనాలిలో కంప్యూటరు కొట్లన్నీ తిరిగాను. ఒకాయన తన దగ్గరున్న తీగలన్నీ కౌంటరు మీద పరిచి ఏది కావాలో నన్నే ఏరుకోమన్నాడు. ఇంకొకాయన కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోమని సలహా ఇచ్చాడు. ఆఖరికి బాపట్లలో కాలేజీ ల్యాబు చూసుకునే మా బాబాయి గుర్తొచ్చి, సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోయాను. పిన్ని పెట్టిన దోసకాయ పప్పు తింటుండగా బాబాయి ఒక బుల్లి డబ్బా, దానికి తగిన తీగా తెచ్చి ఇచ్చి, ఇది పెట్టుకుంటే చాలన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు.

ల్యాప్‌టాప్‌లోకి కొట్టుకునే గుండె వీడియో ఒకటి ఎక్కించుకున్నాను. ఇక మిగిలింది బోను. ఊచల సందులోంచి తీగ దూరుతుంది గానీ చెయ్యి దూరదు. రంధ్రమేమో టీవీ పక్కన, వెనక్కి ఉంది. దానికి నేను కనిపెట్టిన ఉపాయం వంటింట్లో పట్టకారు. పట్టకారుతో ప్లగ్గు పట్టుకుని, ఎడమచేత్తో బొట్టు పెట్టుకునే అద్దం పెట్టి చూస్తూ గుచ్చాలి. వారం మధ్యలో మా ఇంటి టీవీ మీద సాధన మొదలుపెట్టాను. అమ్మ సీరియల్ చూసే వేళ అదే. తెర మీద కోడలు ఏడుస్తుంటే అడ్డంగా నా మోచెయ్యి. అమ్మ చాలాసేపు ఓర్చుకుని, "టీవీకేమన్నా పురుడు పోస్తున్నావా ఏంటే?" అని అడిగింది. శుక్రవారానికి కళ్ళు మూసుకుని గుచ్చగలిగే స్థితికి వచ్చాను. మళ్ళీ బయటికి లాగడం మాత్రం నేర్చుకోలేదు, ఆ అవసరం వస్తుందని తోచలేదు.

శనివారం పాసింజరులో నా సంచిలోంచి పట్టకారు బయటికి కనబడుతుంటే, ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఏ ఊళ్ళో వంట పని ఒప్పుకున్నావమ్మా అని అడిగింది. ఆఖరి పీరియడుకి పదో తరగతి పిల్లలంతా బోను వైపే మెడలు సాచి కూర్చున్నారు. డ్రిల్లు మాస్టారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను బెంచీ ఎక్కి, పట్టకారూ అద్దమూ లోపలికి పోనిచ్చాను. ఇంట్లో పడ్డ పాట్లు ఊరికే పోలేదు, మొదటిసారికే దిగింది. పెద్ద మాస్టారు కవరు తియ్యకుండానే రిమోటు నొక్కారు. సిగ్నల్ లేదని వచ్చింది. ల్యాప్‌టాప్ మీద తెలిసిన మీటలూ తెలియని మీటలూ అన్నీ నొక్కుతూ పోయాను. ఉన్నట్టుండి తెర నిండా ఎర్రగా గుండె, కొట్టుకుంటూ కనబడింది. పిల్లలంతా ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చారు.

కానీ చప్పుడు లేదు. బాబాయి ఇచ్చిన డబ్బా బొమ్మని పంపుతుంది గానీ శబ్దాన్ని పంపదు, ల్యాప్‌టాప్ స్పీకరేమో బ్యాటరీతో పాటే పోయింది. మూగ టీవీ అండీ అన్నారు గుమ్మంలోంచి డ్రిల్లు మాస్టారు. అంత దూరం వచ్చి చప్పుడు లేదని ఓడిపోవడానికి నేను సిద్ధంగా లేను. కర్ర తీసుకుని బొమ్మ మీద కవాటాలు చూపిస్తూ, నేనే గట్టిగా లబ్, డబ్ అనడం మొదలుపెట్టాను. ముందు బెంచీ అమ్మాయి అందుకుంది. తర్వాత క్లాసంతా అందుకుని, గుండె ముడుచుకున్నప్పుడల్లా బెంచీల మీద అరచేతులతో కొట్టారు. పక్క గదుల్లోంచి టీచర్లు పరిగెత్తుకొచ్చారు.

పెద్ద మాస్టారు మాత్రం కేకలెయ్యలేదు. మెల్లగా టీవీ కిందికి వచ్చి తలెత్తి చూస్తూ నిలబడ్డారు. అంతకు ముందు ఏడాదే ఆయన గుండెకి గుంటూరులో స్టెంట్ వేశారని బడిలో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చప్పుడు ఆపేశారు.

"రాత్రుళ్ళు కూడా ఇట్లాగే చేస్తుందామ్మా ఇది?"

"మనం నిద్రపోయినా ఆగదండి."

"ఆసుపత్రిలో నాకూ చూపించారు. భయమేసి కళ్ళు మూసుకున్నానమ్మా." ఆయన వెళ్ళి పిల్లల పక్కన ఖాళీగా ఉన్న బెంచీ చివర కూర్చున్నారు. "ఇంకోసారి వెయ్యి."

వేశాను. బడి గంట కొట్టినా ఎవరూ లేవలేదు. తీరా తీగ లాగబోతే రాలేదు, బోనులోనే ఉండిపోయింది. సోమవారం వెల్డింగు అతను వచ్చాడు గానీ, టీవీని మార్చడానికి కాదు, బోనుకి పక్కన చిన్న తలుపు పెట్టడానికి. డ్రిల్లు మాస్టారు ఆ ఏడాది క్రికెట్టు రేడియోలోనే విన్నారు.

ఇప్పుడు నేను బాపట్ల దగ్గర ఒక బడిలో పనిచేస్తున్నాను. గోడంత తెర, వేలితో ముట్టుకుంటే పాఠం వచ్చేస్తుంది. వచ్చేస్తుంది కాబట్టే కాబోలు, రానప్పుడు నాకు పెద్దగా బాధ ఉండటం లేదు. మొన్న రెండుసార్లు వేలు పెట్టాను, బొమ్మ రాలేదు. పోన్లే, పుస్తకాలు తియ్యండర్రా అని సుద్దముక్క అందుకున్నాను. అందరూ చప్పున పుస్తకాలు తీశారు. నేను ఇంకోసారి ప్రయత్నిస్తానని ఒక్కరు కూడా ఆశ పెట్టుకోలేదు. వాళ్ళ తప్పేముంది, వాళ్ళు చూసిన టీచరు ఇప్పటి ఈవిడే. నాలో నేనే నవ్వుకుని సుద్దముక్క కింద పెట్టాను. తెర వెనకాల తీగలు చూద్దామని కుర్చీ ఎక్కబోతే మోకాళ్ళు వద్దన్నాయి. నేను వినలేదు.