బాపు ఎంచిన డిజిటల్ డైరీ

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. మా మానుకోట మార్కెట్లో మిర్చి బస్తా తూచేటప్పుడు మట్టికీ తేమకూ కొంత తరుగు తీస్తారు చూడండి, నా మాటలకు కూడా అట్లాగే తరుగు తీసి పుచ్చుకోండి. ఎంత తీయాలన్నది మీ ఇష్టం. మా ఆవిడైతే సగానికి పైగా తీస్తుంది. ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, మనిషి గుర్తుంచుకోవాల్సినవి తక్కువే ఉండేవి, గుర్తుంచుకోవడానికి మాత్రం తలకాయ తప్ప ఇంకో చోటు ఉండేది కాదు. ఆ ఒక్క చోటూ నాకు అడుగు లేని బిందెలా ఉండేది. కిరాణా కొట్టుకు ఉప్పు కోసం పంపిస్తే, కొట్టు దగ్గర నిలబడి నన్నెవరు పంపారా అని ఆలోచించేవాణ్ని. (తరుగు మొదలుపెట్టవచ్చు.)

ఇటువంటి తలకాయకు దేవుడు ఇచ్చిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ఒక విత్తనాల కంపెనీలో ఊళ్లు తిరిగే పని. జనగామ, మానుకోట, భూపాలపల్లి ఈ మూడు చోట్లా విత్తనాల దుకాణాలకు వెళ్లి, ఎవరికి ఏ రకం పత్తి కావాలో, ఎవరికి ఏ రకం మిర్చి కావాలో కనుక్కుని, చెప్పిన రోజుకు సరుకు చేరేటట్టు చూడాలి. జనగామకు ప్యాసింజరు రైలు, అది దారిలో ప్రతి స్టేషనునూ పలకరించి, పలకరించిన చోటల్లా కూర్చుండిపోయేది. భూపాలపల్లికి బస్సు. పరకాల దాటాక ఆ రోడ్డు ఎంత కుదిపేదంటే, ఎక్కేటప్పుడు ఎడమ జేబులో పెట్టుకున్న పెన్ను దిగేటప్పుడు కుడి జేబులో దొరికేది. ఈ తిరుగుడు చాలదన్నట్టు పోస్టులో పాఠాలు తెప్పించుకుని బీఏ చదువుతున్నాను. దుకాణాల సంగతులన్నీ అరచేతిలో రాసుకునేవాణ్ని. మే నెల చెమటకు మధ్యాహ్నానికల్లా అరచేయి కడిగిన పలకలా తయారయ్యేది. చివరికి ఒకరోజు జనగామ వాళ్ల మిర్చి విత్తనాన్ని భూపాలపల్లికీ, భూపాలపల్లి వాళ్ల పత్తి విత్తనాన్ని జనగామకూ చేర్పించాను. రెండు ఊళ్లూ ఏకమై నన్ను తిట్టాయి.

మా మేనేజరు కోస్తా వైపు మనిషి. నడి వేసవిలో కూడా మెడకు టై బిగించుకుని తిరిగేవాడు కాబట్టి మేమంతా టై సారు అనేవాళ్లం. నన్ను వరంగల్ ఆఫీసుకు పిలిపించి, "ఏవయ్యా, నీ బుర్రలో ఏవన్నా దాచుకునే అలవాటుందా, వచ్చింది వచ్చినట్టు పంపించేస్తావా?" అని అడిగాడు. "ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే ఇంటికి పంపించేస్తాను. నెలాఖరుకి మీ ఊరొస్తాను. ఏ కొట్టుకి ఏ సరుకు, ఏ రోజుకి, అన్నీ అడుగుతాను. అది అయ్యాక నీ డిగ్రీ పరీక్ష. రెండూ గట్టెక్కితే ఉద్యోగం పర్మనెంటు. లేదంటే నీ దారి నీది" అని, జేబులోంచి నల్లటి పలకలాంటిది తీసి మూత తెరిచాడు. "డిజిటల్ డైరీ. నువ్వు మర్చిపోయినా ఇది మర్చిపోదు. ఒకటి కొనుక్కో."

ఆ పర్మనెంటు అనే మాట మీద నాకన్నా మా బాపుకు ఆశ ఎక్కువ. మా ఇంటి మగవాళ్లలో నెల తిరిగేసరికి జీతం తెచ్చినవాడు అప్పటిదాకా పుట్టలేదు. సంగతి వినగానే తువ్వాల భుజాన వేసుకుని, "నడువు. కొనేది ఏందన్న గానీ, సూడకుంట కొంటరా?" అని నా వెంట బయల్దేరాడు. బాపు ఎడ్లను ఎంచడంలో మా నెల్లికుదురు చుట్టుపక్కల పేరుమోసిన మనిషి. ఆయన అంగట్లో అడుగు పెడితే ముసలి ఎడ్లు తలలు దించుకునేవని చెప్పుకునేవారు. (చెప్పింది నేనే.)

జనగామ స్టేషను దారిలో ఘడీ సాబ్ దుకాణం ఉండేది. గడియారాలు బాగు చేసేవాడు. ఒక కంటికి అద్దం బిగించుకుని ఉండేవాడు, నిద్రలో కూడా తీయడని నా నమ్మకం. ఆయన బావమరిది దుబాయిలో ఉండేవాడు కాబట్టి కొత్త కొత్త సరుకులు ముందుగా ఆ దుకాణంలోనే దిగేవి.

"సలామ్ పటేలా, ఏం కావాలె?"

"పోరనికి మతిమరుపు. యాదికుంచే మిషిని కావాలె" అన్నాడు బాపు, దవాఖానలో రోగం చెప్పినట్టు.

సాబ్ రెండింటిని తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి తమలపాకంత పలుచన, మీటలు వెన్నపూస, వేలు దగ్గరికి వస్తోందని తెలిస్తే చాలు తామే దిగిపోయేవి. రెండోది ఇటుక. దాని మీటలను నొక్కాలంటే బోరింగు కొట్టినంత బలం కావాలి. బాపు రెండింటినీ చెరో చేతిలో పట్టుకుని బరువు చూశాడు, వెల్లకిలా తిప్పాడు, వీపు నిమిరాడు.

"ఎన్ని పండ్లేసినయి?" అన్నాడు, పళ్లను బట్టి ఎద్దు వయసు కనుక్కున్నట్టు.

సాబ్ కంటి అద్దం సర్దుకుని మీటల వంక చూశాడు. "పండ్లు బొచ్చెడున్నయి పటేలా, నొక్కి సూడు."

"యాడి సరుకు?"

"జపాన్‌ది."

"జపాన్ల నీళ్లు మంచియేనా?"

"అరె పటేలా, ఇది ఎద్దు గాదు, మషీన్! లెక్కలు చేస్తది, పేర్లు యాదికుంచుతది, పొద్దుగాల లేపుతది. లండన్ల గిప్పుడు టైమెంతయిందో గూడ చెప్తది."

"లండన్ల మాకు సుట్టాలెవ్వలు లేరు. మానుకోట బస్సు ఎప్పుడొస్తదో చెప్తదా?"

"గది బస్సుకే తెల్వది పటేలా, మషీన్‌కేం ఎరుక?"

ఆ జవాబుతో సాబ్ మీద బాపుకు గురి కుదిరింది. వెంటనే భుజం మీది తువ్వాల తీసి కుడిచేతి మీద కప్పి ముందుకు చాపాడు. అంగట్లో ఎడ్ల బేరం అట్లాగే చేస్తారు, తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని, ధర పక్కవాడికి తెలియకుండా. సాబ్‌కు అర్థం కాక, బాపు చేతికి దెబ్బ తగిలిందేమో అనుకున్నాడు. "ఏళ్లు పట్టు సాబ్, పక్కోనికి ఎరుక గావద్దు" అన్నాడు బాపు. ఆ దుకాణంలో పక్కవాణ్ని నేనొక్కణ్నే. సాబ్ నవ్వీ నవ్వీ కంటి అద్దం జారవిడుచుకుని (అంటే తీయగలిగేదే అన్నమాట), చివరికి తనూ చెయ్యి దూర్చాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో వాళ్ల వేళ్లకే తెలియాలి. చెయ్యి బయటికి తీశాక బాపు అసలు సంగతి చెప్పాడు.

"ఎద్దును కొనేముందు కాడి కట్టి నాలుగు సాళ్లు దున్నుకోని సూస్తం. గిదీ గంతే. రెండిటిని తోలుకపోతం. పని చేసేదాన్ని ఉంచుకుంటం, రెండోది మళ్ల నీ కొట్టానికే."

"తోలుకపోవుడేంది పటేలా, జేబుల ఏసుకపో!" అని సాబ్ రెండింటినీ చెరో గుడ్డలో చుట్టి ఇచ్చాడు. బాపు ముఖం చూసి ఎవరైనా ఏదైనా ఇచ్చేసేవాళ్లు.

ఇంటికి వచ్చాక బాపు పని పంచాడు. ఇటుకకు నా ఉద్యోగం, తమలపాకుకు నా చదువు. ఇద్దరికీ సమానమైన బరువు, ఎవరు మొరాయిస్తారో చూద్దామని. మా అవ్వ తమలపాకులో లండన్ టైము చూసి, "గాడ ఇంక తెల్లారనే లేదా? మరి బర్లెప్పుడు పిండుతరు?" అని ఇంగ్లండు పాడి గురించి దిగులు పడింది. నేను సంగతులు ఎక్కించడం మొదలుపెట్టాను. తెలుగు అక్షరాలు లేవు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. తమలపాకు మీద చరిత్ర పాఠం ఆడుతూ పాడుతూ ఎక్కింది. అవ్వతో మాట్లాడుతూ, పల్లీలు నములుతూ కాకతీయుల నుంచి కుతుబ్‌షాహీల దాకా వచ్చేశాను. ఇటుకతో మాత్రం నరకం. ఒక్కో అక్షరం పైకి పలుకుతూ, బొటనవేలితో కుమ్మితే గాని లోపలికి పోయేది కాదు. "జ... న... గా... మ..., పాత బస్టాండు కొట్టు, మిర్చి, బుధవారం" అని కొట్టేసరికి బొటనవేలు వంకాయలా వాచేది. "ఏం మంత్రం రా గది? పొద్దటి సంది మిర్చి మిర్చి అంటున్నవ్, ఎవ్వలకన్న దిష్టి తీస్తున్నవా?" అని అవ్వ అడిగింది.

నెలాఖరు వచ్చింది. టై సారు మానుకోటకు వచ్చే రోజు. పొద్దున్నే లేపమని ఇటుకకు చెప్పి పడుకున్నాను. ఎండ ముఖం మీద పడి మెలకువ వచ్చింది గాని, ఇటుక కిక్కురుమనలేదు. మూత తెరిస్తే తెర మీద చీమ తలకాయంత అక్షరం కూడా లేదు. తమలపాకు కూడా అంతే. వాకిట్లోకి పరుగెత్తాను. బాపు గొంతుక్కూర్చుని, చాటలో పోసిన సెల్లులను ఎండలో అటూ ఇటూ తిరగేస్తున్నాడు. టార్చిలైటువి, రేడియోవి, వాటి మధ్యలో చిన్న చిన్న బిళ్లల్లా నా డైరీలవి.

"బాపూ! ఏం చేసినవ్?"

"ఎండబెడుతున్న. రాత్రంత కండ్లు తెరుసుకోనుంటే అరిగిపోవా? బ్యాటరీ లైటుకు తీస్తలేమా, రేడియోకు తీస్తలేమా?"

"దాన్లున్నదంత పోయింది బాపూ!"

"యాడికి పోతది? కాడి ఇప్పితే ఎద్దు చెల్కకు పొయ్యే తొవ్వ మరుస్తదా? మళ్ల ఎయ్యి, అదే వస్తది."

వేశాను. ఇటుక మేలుకుని, ఈ రోజు తారీఖు ఎంత అని నన్నే అడిగింది. బాపు దాని వంక చూసి, "నేను ముందే అన్న, జపాన్ నీళ్లు మంచియి గావని" అన్నాడు.

ఏడవడానికి కూడా టైము లేదు. ఖాళీ ఇటుకను జేబులో వేసుకుని బస్సెక్కాను. మానుకోటలో ఒక విత్తనాల దుకాణం వెనక గదిలో బస్తాల మధ్య టై సారు కూర్చుని ఉన్నాడు. తన డైరీ తెరిచి, "ఊఁ, చెప్పు. జనగామ, పాత బస్టాండు కొట్టు" అన్నాడు. నేను ఇటుక మూత తెరిచి, ఆయనకు కనిపించకుండా వంచి పట్టుకున్నాను. బూడిద రంగు తెర నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. ఇక ఉద్యోగం పోయినట్టేనని బొటనవేలును మీటల మీద ఆనించానో లేదో, వేలు సలిపింది. సలపడంతోనే మాట వచ్చేసింది. "మిర్చి సార్, బుధవారం." ఆయన తల ఊపాడు. "భూపాలపల్లి, బొగ్గు గనుల రోడ్డు?" వేలు ఇంకోచోట సలిపింది. "పత్తి సార్, సోమవారం." అట్లా ఆయన అడుగుతూ పోయాడు, నేను ఖాళీ తెరలోకి చూస్తూ చదువుతూ పోయాను. ఏ అక్షరం దగ్గర ఎంత ఏడ్చానో అదంతా వరసగా గుర్తుకొచ్చింది.

"భేష్! బావుందయ్యా నీ డైరీ. ఏదీ, ఇటివ్వు" అని ఆయన చెయ్యి చాపాడు. ఇవ్వక తప్పలేదు. తిప్పి చూశాడు, దులిపి చూశాడు. "ఇందులో ఏవీ లేదేంటి?"

"నిన్నటిదాంక ఉండె సార్. మా బాపు సెల్లులు తీసి ఎండబెట్టిండు."

"మరి ఇప్పటిదాకా ఏం చదివావ్?"

"యాదికి చెప్పిన సార్."

టై సారు నేను చూస్తుండగా మొదటిసారి టై వదులు చేసుకున్నాడు. నవ్వు ఆపుకోలేక ఆయన ఆనుకున్న బస్తాలు కదిలాయి. "మీ నాన్నగార్ని అడుగు, నా డైరీ కూడా ఓసారి ఎండబెడతారేమో" అన్నాడు.

తిరుగు బస్సులో తమలపాకు సంగతి కూడా తేల్చుకుందామని కళ్లు మూసుకుని చరిత్ర పాఠం తలుచుకున్నాను. కాకతీయులు చెరువులు తవ్వించారన్న ముక్క తప్ప ఏదీ లేదు. పల్లీల రుచి మాత్రం గుర్తుంది. దాంతో ఎంపిక తేలిపోయింది. జనగామ వెళ్లి తమలపాకును తిరిగి ఇచ్చేశాం. "పలుచంది మంచిది పటేలా, గా మొండిదాన్నెందుకు ఉంచుకున్నవ్?" అని ఘడీ సాబ్ ఆశ్చర్యపోయాడు. "మెత్తది ఉరుకుతది గని దున్నదు సాబ్" అన్నాడు బాపు. చరిత్ర మొత్తాన్ని మళ్లీ ఇటుకలోకి కుమ్మి పరీక్ష రాశాను. పాసయ్యాను. ఎన్ని మార్కులని అడగకండి, ఇక్కడ తరుగు తీస్తే ఫెయిలవుతాను. ఉద్యోగం పర్మనెంటు అయింది. ఇప్పుడు నా జేబులో ఫోను ఉంది. మీటలే లేవు, తడిమితే చాలు, అన్నీ అదే గుర్తుంచుకుంటుంది. మా ఆవిడ ఫోను నంబరు కూడా నాకు నోటికి రాదు. అప్పుడప్పుడు నా బొటనవేలి వంక చూసుకుంటాను. వాచిన వేలితో బస్సు కమ్మీని పట్టుకుని, మిర్చి బుధవారం, పత్తి సోమవారం అని గొణుక్కుంటూ వెళ్లిన ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది.

ఇక మొదట్లో చెప్పిన తరుగు లెక్క. తువ్వాల బేరం నిజం, జపాన్ నీళ్లు నిజం, ఖాళీ తెర చదవడం నిజం. కల్పించింది ఒక్కటే. ఆ సెల్లులు తీసింది బాపు కాదు, నేను. పొద్దున్నే లేపమని ఇటుకకు చెప్పిన సంగతి కూడా మరిచిపోయి, టార్చిలైటుకు తీసే అలవాటు చొప్పున పడుకునే ముందు నేనే తీసి కిటికీలో పెట్టుకున్నాను. తెల్లారేసరికి బాపు పొలానికి వెళ్లిపోయాడు, ఆయనకు ఏమీ తెలియదు. టై సారు చెయ్యి చాపి అడిగినప్పుడు, బీఏ చదివేవాడు ఇంత పని చేశాడంటే ఉద్యోగం ఉండదని భయపడి, నోటికొచ్చిన బాపు పేరు చెప్పేశాను. సాయంత్రం ఇంటికి వచ్చి నసుగుతూ ఆయనకు చెప్పాను.

"మంచిగ చెప్పినవ్. నాకేమన్న ఉద్యోగమా, పోనీకి?" అన్నాడు బాపు.

ఆ తర్వాత ఇంటికి ఎవరు వచ్చినా ఆయనే మొదలుపెట్టేవాడు, "గా దినం నేను పోరని సెల్లులు ఎండబెట్టిన సూడు..." అని. ఏటేటా ఒక్కో ముక్క చేరేది. టార్చి సెల్లులు, రేడియో సెల్లులు, కాడి విప్పిన ఎద్దు అన్నీ ఆయన చేర్చినవే. నేను చెప్పేటప్పుడు పక్కన కూర్చుని వినేవాడు, ఏదైనా వదిలేస్తే ఊరుకునేవాడు కాదు.

"చాట మరిసినవ్ రా" అనేవాడు.