ఒక్క వరసలో రెండు పేర్లు

ఫ్లెక్సీలు వచ్చి మెదక్‌లో పెయింటర్ల పొట్ట కొట్టాక కూడా ఊళ్లోని సర్కారు బడి టాపర్ల బోర్డు మాత్రం పెయింటర్ వాహెద్ చేతిలోనే మిగిలింది. పదో తరగతిలో ఫస్టు వచ్చిన పిల్లల పేర్లు నల్ల బోర్డు మీద తెల్ల పెయింటుతో రాయాలి, ఏడాదికో వరస. జూన్‌లో బడి తెరిచిన రోజు తల్లిదండ్రులు కొత్త బట్టలు కట్టుకుని వచ్చి బోర్డు కింద ఫోటో దిగుతారు. అంత మర్యాద ఉన్న బోర్డు మీద ఎవడైనా దొంగపని చేస్తాడా? వాహెద్ చేశాడు.

తొమ్మిదేళ్ల కింద ఇద్దరు ఆడపిల్లలకు పదికి పది గ్రేడు వచ్చింది. ఒకరు పాపన్నపేట షేర్ ఆటో నడిపే ఎల్లం కూతురు సుమన. ఇంకొకరు వాహెద్ సొంత బిడ్డ అంబ్రీన్.

"ఇద్దరి పేర్లు ఒక్క వరసలనే రాయుండ్రి," అని చెప్పి హెడ్‌మిస్ట్రెస్ లలితమ్మ ఆ నెలాఖరుకే రిటైరై వెళ్లిపోయింది.

వాహెద్ ముందు అంబ్రీన్ పేరు మొదలుపెట్టాడు. కూతురి పేరు కదా, చెయ్యి ఆగలేదు. అక్షరాలు పెద్దవయ్యాయి, వరస నిండిపోయింది. తుడిచి మళ్లీ రాయడానికి టర్పెంటైన్ సీసా కాళ్ల దగ్గరే ఉంది. తుడవలేదు. సార్లు అడిగితే జాగా సరిపోలేదన్నాడు.

ఆ తర్వాత ప్రతి జూన్‌లో ఆ వరస వైపు చూడకుండా కొత్త పేరు రాసి దిగేవాడు. అంబ్రీన్ బోర్డు ఫోటోకు ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తే, దానికి వీపు పెట్టి అన్నం తినేవాడు. పైగా నిరుడు సుమన ఆ బడికే టీచరుగా వచ్చింది. "బాగున్నరా చాచా" అని ఆ పిల్ల నవ్వుతూ పలకరిస్తే సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఈ ఏడాది మళ్లీ ఇద్దరికి సమానంగా మార్కులు వచ్చాయి, కృతికకూ స్నిగ్ధకూ. వాహెద్ రెండు పేర్లూ ఒద్దికగా రాసేశాడు. ఇంకా నాలుగు వేళ్ల జాగా మిగిలింది. రాశాక గానీ తనేం చేశాడో తట్టలేదు. వెనకాల సుమన నిలబడి చూస్తోంది.

"ఒక్క వరసల రెండు పేర్లు పడ్తయా చాచా?"

వాహెద్ స్టూలు దిగాడు.

"పడ్తయి బిడ్డా. గప్పుడు గూడ పడుతుండె. నేనే కావాల్నని రాయలే. తప్పు జేసిన."

సుమన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మా నాయినకు సదువు రాదు చాచా. నా పేరొక్కటే సదువొస్తది. ఆటో నిండ చుట్టాలను దెచ్చి బోర్డంత ఎతికిండు. లేకపాయె. అబద్ధమాడినవని అందర్ల ముంగట నన్ను కొట్టిండు. మెమో సూపెట్టినా నమ్మలే."

వాహెద్ మళ్లీ స్టూలెక్కాడు. పాత వరస మీద నల్ల పెయింటు పూసి, అది ఆరేదాకా బోర్డు కిందే కూర్చున్నాడు. ఆరాక సుమన పేరు ముందు రాశాడు, పక్కన అంబ్రీన్ పేరు అంతే చిన్నగా రాశాడు.

"మీ నాయినను పిలువు బిడ్డా. నేనే చెప్త."

సాయంత్రానికి ఎల్లం ఆటో వచ్చి ఆగింది. వాహెద్ చేతులు జోడించి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. కాలర్ పట్టుకుంటాడని, నాలుగు తగిలిస్తాడని సిద్ధపడే ఉన్నాడు. ఎల్లం అతని వైపు చూడనే లేదు. బోర్డు దగ్గరికి పోయి, కూతురి పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. రెండోసారి కూడా చదివాడు. తర్వాత గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు.

"రాయంది నువ్వే, వాహెద్ భాయ్," అన్నాడు. "కానీ కొట్టింది నేను గద."