మొహమాటం జబ్బు

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. పెద్ద డాక్టరు క్లినిక్‌లో గుమ్మం పక్కనే బల్ల వేసుకుని కూర్చుంటుంది కాబట్టి, ఆమె కంటపడకుండా చీమ కూడా లోపలికి పోలేదు కాబట్టి, అందరికీ గేటక్క అయిపోయింది. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది. ఎవరైనా వచ్చి మర్యాదగా మేడమ్ అంటే, వీళ్ళు కొత్తవాళ్ళని ఇట్టే పోల్చుకునేది.

నోరు పెద్దది. ఆ సంగతి ఆమె కూడా కాదనదు. చీటీ తీసుకోకుండా లోపలికి దూరబోయిన బ్యాంకు మేనేజరుని చొక్కా పట్టుకుని ఆపిన మనిషి. కానీ ఒళ్ళు కాలిపోతున్న పసిపిల్లను ఎత్తుకుని ఎవరైనా వస్తే వరసా గిరసా చూసేది కాదు, అడ్డం వచ్చిన వాళ్ళందర్నీ జరిపి తనే లోపలికి తీసుకుపోయేది. ఒంటరిగా వచ్చిన ముసలివాళ్ళకి మందులు ఎప్పుడు వేసుకోవాలో విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెప్పేది. అలాంటి మనిషి నోరు పెద్దదైతే మాత్రం ఏం, అనుకునేవాళ్ళు జనం. ఆ వీధిలోనే ఉండే నేనూ అదే అనుకునేవాణ్ణి.

రోడ్డుకి అవతలి పక్క, సరిగ్గా ఎదురుగా డాక్టరమ్మ క్లినిక్కు. పెద్ద డాక్టరుకీ డాక్టరమ్మకీ మాటల్లేవు. ఎందుకు లేవో ఇద్దర్లో ఎవరికీ సరిగ్గా గుర్తున్నట్టు లేదు. ఒకరు రాసిన మందు ఇంకొకరు మార్చారట, ఆ మాట ఎవరో మోశారట, అంతే. తమాషా ఏమిటంటే, డాక్టరమ్మ దగ్గర బల్ల వేసుకుని కూర్చునేది ఎవరో కాదు, గేటక్క సొంత తోడికోడలు. ఒకే ఇల్లు, అన్న కుటుంబం కింద, తమ్ముడి కుటుంబం పైన, వంటిల్లు ఒక్కటే. ఉల్లిపాయల ధర నుంచి పిల్లల మార్కుల దాకా అన్నీ మాట్లాడుకునే ఆ ఇద్దరూ క్లినిక్కు మాట వస్తే మాత్రం ఎడమొహం పెడమొహం. పొద్దున్న కలిసి బయల్దేరేవాళ్ళు. వీధి మలుపు తిరగగానే చెరో పక్కకి పోయేవాళ్ళు.

ఈ కథంతా మార్కెట్ దగ్గర టైలరుతో మొదలైంది.

టైలరు షుగరు మనిషి. ఏళ్ళ తరబడి పెద్ద డాక్టరు దగ్గరే మందులు వాడుతున్నాడు. ఒకసారి కత్తెర జారి పాదం మీద పడింది. ఆ రోజు పెద్ద డాక్టరు ఊళ్ళో లేడు. కుంటుకుంటూ రోడ్డు దాటి డాక్టరమ్మ చేత కట్టు కట్టించుకున్నాడు. ఆ సంగతి గేటక్క చెవిన పడకుండా ఎలా ఉంటుంది? మళ్ళీ మందుల కోసం అతను వచ్చినప్పుడు హాలంతా నిండి ఉంది.

"ఏం అన్నయ్యా, దారి తప్పి ఇటొచ్చారా?" అంది గేటక్క. "మీ డాక్టరమ్మకి ఇవాళ సెలవా?"

హాల్లో అందరూ నవ్వారు. టైలరు కూడా నవ్వాడు. ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ పక్కగా వెళ్ళాల్సి వస్తే తల దించుకుని గబగబా పోయేవాడు. గేటక్క అది చూసి పళ్ళు నూరేది. ఇన్నేళ్ళు చూసిన డాక్టర్ని వదిలేసి ఎదురు క్లినిక్కుకి పోతాడా అని, తన పిల్లల యూనిఫారాలు వేరే టైలరుకిచ్చింది. అవి భుజాల దగ్గర బిగుసుకుపోయాయి. అయినా సరే, పిల్లల్ని ఊపిరి బిగబట్టి తొడుక్కోమందే కానీ పాత టైలరు దగ్గరికి వెళ్ళలేదు.

ఒక ఆదివారం పొద్దున డాబా మీద తోడికోడళ్ళిద్దరూ బట్టలు ఆరేస్తున్నారు. ఆ బిగుతు చొక్కా చేతికి తగలగానే గేటక్క నోరు ఊరుకోలేదు.

"ఎలా ఉన్నాడే మీ టైలరు?"

"మా టైలరేంటక్కా? మీ మనిషేగా."

"నా దగ్గర నటించకు. కట్టు కట్టి లాక్కున్నారుగా."

చిన్నామె చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది. "ఆ కట్టు విప్పించుకోడానికి ఒక్కసారి వచ్చాడక్కా. అంతే. షుగరు మందుల సంగతి డాక్టరమ్మ అడిగింది కూడా. పెద్ద డాక్టరు గారివే వాడుతున్నానండీ అన్నాడు. పెద్దాయన పేషెంటు కదా, మనం వేలు పెడితే బాగోదని ఆమె ఊరుకుంది. అంటే, మీ దగ్గరికి రావట్లేదా?"

గేటక్కకి తల కొట్టేసినట్టయింది. ఇద్దరూ తడి చేతులతో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. తర్వాత బకెట్టు అక్కడే వదిలేసి మెట్లు దిగారు.

టైలరు కొట్లోనే ఉన్నాడు. ముక్కు మీద ఒకదాని మీద ఒకటి రెండు కళ్ళజోళ్ళు పెట్టుకుని, సూదిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, దారం కొసని గాల్లో పొడుస్తున్నాడు. సూది బెజ్జం ఒకచోట, దారం ఒకచోట. గేటక్కని చూసి లేవబోయి స్టూలు తన్నుకున్నాడు.

"అన్నయ్యా, షుగరు మాత్రలు ఎవరి దగ్గర తీసుకుంటున్నారు?"

అతను చాలాసేపు నసిగాడు. చివరికి, "ఎవరి దగ్గరా లేదు చెల్లెమ్మా" అన్నాడు. "మీ దగ్గరికి రావాలంటే ఏ మొహం పెట్టుకుని రాను? వాళ్ళ దగ్గరికి పోదామంటే, పెద్దాయనకి తెలిస్తే బాధపడతారు. ఒంట్లో బాగానే ఉంది కదా, ఈ కళ్ళ మసక వయసు వల్లలే అనుకున్నా."

నాకు తెలిసి, మొహమాటం అనేది జబ్బుల పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. ఉండాల్సిందే. కావాలని ఎవరి చెడూ కోరని మంచివాళ్ళకే అది పడుతుంది, వాళ్ళనే లోపల్నుంచి తినేస్తుంది.

సోమవారం క్లినిక్కు తెరవగానే గేటక్క పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళి నిలబడింది. ఉద్యోగం పోతే పోనీ అనుకునే వెళ్ళింది. అప్పటికి కింది వాటాలో నికరంగా వచ్చేది ఆమె జీతమే.

"డాక్టరు గారూ, టైలరు మనల్ని వదిలి పోలేదండీ. నేనే నా నోటితో తరిమేశాను. ఆయన కళ్ళు పోతున్నాయి." జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఇంకా ఎంతమంది ఇలా ఏ గుమ్మమూ ఎక్కకుండా ఉన్నారో తెలీదని కూడా చెప్పింది.

ఆయన చేతులు కడుక్కుంటున్నవాడు కడుక్కుంటూనే ఉన్నాడు. పెద్ద కోపిష్టి. ఆమె తిట్లకి సిద్ధపడి నిలబడింది.

"ఎవరైనా రావడం మానేస్తే ఎదురుగా పోయుంటారని నేనూ అనుకునేవాణ్ణమ్మా" అన్నాడు చివరికి. "నువ్వు పైకి అన్నావు, నేను లోపల అనుకున్నాను. అంతే తేడా."

చేతులు తుడుచుకుని, మెడలో స్టెతస్కోపు తీయకుండానే బయటికి నడిచాడు. హాల్లో ఉన్నవాళ్ళు కిటికీల దగ్గరికి చేరారు. ఆ పెద్దమనిషి రోడ్డు దాటి డాక్టరమ్మ మెట్లెక్కడం ఆ వీధి అప్పుడే మొదటిసారి చూసింది. డాక్టరమ్మ గబుక్కున లేచి తన కుర్చీ ఆయనకే వేసింది. ఆయన కూర్చోలేదు, ఆమె కూడా కూర్చోలేదు. ఇద్దరూ నిలబడే మాట్లాడుకున్నారు. టైలరుని ఆ రోజే కంటి ఆసుపత్రికి పంపాలని తేలింది. తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి పంపింది డాక్టరమ్మ, షుగరు మందులు మళ్ళీ మొదలుపెట్టింది పెద్ద డాక్టరు.

అక్కణ్ణుంచి రెండు క్లినిక్కులూ కలిసి పనిచేయడానికి ఒప్పుకున్నాయి. శుక్రవారం మధ్యాహ్నాలు డాక్టరమ్మ హాల్లో, అది పెద్దది కాబట్టి, షుగరూ బీపీ ఉన్నవాళ్ళని ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చూడాలి. ఎవరి పేషెంటైనా సరే, వాడే మందులన్నీ ఇద్దరికీ తెలియాలి. శనివారాలు తోడికోడళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, రావడం మానేసిన వాళ్ళకి ఫోన్లు చేయాలి. నిజం చెప్పొద్దూ, ఇద్దరు డాక్టర్లు తమ పంతం పక్కన పెట్టి అలా కూర్చోవడం చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి.

కానీ జనం రాలేదు.

మొదటి శుక్రవారం డాక్టర్లిద్దరూ ఒకరికొకరు బీపీ చూసుకుని వెళ్ళిపోయారు. ఫోన్లు చేస్తే అందరూ ఒకటే పాట, బాగానే ఉన్నామండీ అని. గేటక్క స్వయంగా గుమ్మంలో నిలబడి, "శుక్రవారం ఎదురు క్లినిక్కుకి రండి" అని నవ్వుతూ చెబితే వ్యవహారం ఇంకా చెడింది. ఇదేదో తమని పరీక్షించడానికి పన్నిన వల అనుకున్నారు. "అయ్యో, అటెందుకు పోతామక్కా, మాకు మీరే దిక్కు" అని ఒట్టేసి మరీ చెప్పేవారు.

"నువ్వు పిలుస్తుంటే వాళ్ళు భయపడుతున్నారక్కా" అంది చిన్నామె.

"మరేం చెయ్యమంటావే? ఏడుస్తూ పిలవనా?" అంది కానీ, ఆ రోజు గేటక్కకి అన్నం సహించలేదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒక గదిలో రెండు కళ్ళజోళ్ళు పెట్టుకుని కూర్చున్నట్టే అనిపించింది ఆమెకి.

కంటి ఆసుపత్రి నుంచి టైలరు తిరిగొచ్చాడు. ఆ కాగితాలు చూపించడానికి పెద్ద డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు హాలు కిటకిటలాడుతోంది. గేటక్క బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కుడి కన్ను ఇంక సూది పనికి రాదన్నారు చెల్లెమ్మా. ఎడమ దానికి లేజరు చేశారు. షుగరు అదుపులో పెట్టుకుంటే అది నిలబడుతుందట. పర్లేదులే, ఒక కంటితో కుట్టుకుంటా." అంతలోనే ఆమె మొహం చూసి, "తప్పు నాదేలే. నేనే మొహమాటపడ్డా" అన్నాడు.

ఎవరైనా సరే ఆ మాట పట్టుకుని గట్టెక్కేసేవాళ్ళు. కళ్ళు తుడుచుకుని, అయ్యో అన్నయ్యా అని, చీటీ రాసిచ్చేవాళ్ళు. గేటక్క లేచి నిలబడింది. చీటీల కోసం అరిచే గొంతుతోనే, హాలు చివరిదాకా వినపడేలా చెప్పింది.

"తప్పు ఈయనది కాదు. అవసరమై ఒక్కరోజు ఎదురు డాక్టరు దగ్గరికి వెళ్ళినందుకు ఇదిగో, ఇక్కడే, అందరి ముందూ నేను ఎగతాళి చేశాను. సిగ్గుపడి ఈయన మందులే మానేశాడు. ఈయన కన్ను తీసింది నా నోరే. మీలో ఇంకా ఎవరెవర్ని ఏమేం అన్నానో నాకు గుర్తులేదు. మీకు గుర్తుంటుంది."

లోపలి గది తలుపు కొంచెం తెరుచుకుంది. పెద్ద డాక్టరు అక్కడే నిలబడ్డాడు, బయటికి రాలేదు. నోరు మూయించడం తప్ప మూసుకోవడం తెలియని మనిషి అంతమంది ముందు అలా తల దించుకుని నిలబడితే, ఎటు చూడాలో ఎవరికీ తెలియలేదు.

గోడ వారగా కూర్చున్న కూరగాయల ముసలామె తన సంచీని ఒళ్ళో అటూ ఇటూ తిప్పుకుంది. లేవబోయి మళ్ళీ కూర్చుంది. టైలరు తన మంచి కంటితో అది చూశాడు.

"చెప్పు పెద్దమ్మా" అన్నాడు. "ఏం అనదులే."

ఆమె సంచీలో చెయ్యి పెట్టి రెండు మందుల పొట్లాలు తీసింది. ఒకటి ఈ క్లినిక్కుది, ఒకటి ఆ క్లినిక్కుది.

"ఇక్కడివి పొద్దున వేసుకుంటన్నా, అక్కడివి సాయంత్రం వేసుకుంటన్నా తల్లీ. రెండూ బీపీవేనంట. ఏ ఒక్కళ్ళవి మానేసినా వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని." గొంతు తగ్గించి, "ఈమధ్య లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

గేటక్క బల్ల వెనకనుంచి వచ్చి ఆ రెండు పొట్లాలూ అందుకుంది. పెద్దావిణ్ణి మెల్లగా లేపి, చెయ్యి పట్టుకుని, పెద్ద డాక్టర్ని కూడా రమ్మని తల ఊపి, రోడ్డు దాటించింది.