ముల్లు లేని కుసుమ

భీమవ్వకు కోపం ఊరికే రాదు. వచ్చిందంటే మాత్రం ఊరికే పోదు.

సగరోళి దాటాక వచ్చే ఆ ఊళ్లో మారోతి పటేల్ చేను ఆమెకు కొట్టినపిండి. సొంతానికి సెంటు భూమి లేదు. ముప్పై ఏళ్లుగా ఆ నల్లరేగడిలోనే విత్తింది, కలుపు తీసింది, కోసింది. అక్కడి పద్ధతి ఒకటుంది: నడుమ జొన్న, చుట్టూ నాలుగు వైపులా కుసుమ సాళ్లు. పసుపు పూలు చూడ్డానికి బాగుంటాయి గానీ వాటి కింద ఉన్నదంతా ముల్లే. ఏ బర్రె అయినా మూతి పెట్టి చూసి వెనక్కి పోవాల్సిందే. లేతాకు కూరకు, గింజ గానుగకు, ముల్లు కాపలాకు. భీమవ్వకూ పెనిమిటి కాశీరాంకూ కూలి జొన్నల్లోనే. ఆ చేను పండితేనే వాళ్లింట్లో ఏడాదంతా రొట్టె.

ఈసారి పటేల్ కొడుకు సుభాష్ కుసుమ విత్తనం మార్చాడు. నూనె ఎక్కువొస్తుందని దుకాణంలో ఎవరో చెప్పారట. నెలన్నర గడిచాక భీమవ్వ గట్టు వెంట పోతూ ఒక ఆకు పట్టుకుని చూసింది. ఆ ఈడుకి ఆకు అంచు వేలికి గుచ్చుకోవాలి. ఇది మెత్తగా జారిపోయింది. చేను చుట్టూ తిరిగింది. అంతా అదే వాటం. తిన్నగా సుభాష్ దగ్గరికి వెళ్లింది.

"పటేలా, గిది ముండ్ల కుసుమ కాదు. గిప్పుడే తుమ్మకంప కొట్టి గట్టుకు ఎయ్యుండ్రి. లేకుంటే జొన్న దక్కది."

సుభాష్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ముండ్లు లేకుంటే నీకే మంచిదాయె గదా! కోసేటప్పుడు చేతులకు గుడ్డలు చుట్టుకునే పని తప్పింది. కొత్త జాతి. నీకేం ఎర్క?"

ఏం ఎరుకట! విత్తనాల సంచి మీది అక్షరాలు చదవడం వచ్చు గానీ, కుసుమ గట్టునే ఎందుకు వేస్తారో ఆ మహానుభావుడికి తెలియదు. భీమవ్వ పళ్లు కొరుక్కుంటూ వచ్చేసింది.

జొన్న పాలు పోసుకునే రోజులు. మిట్టమధ్యాహ్నం, భీమవ్వ, కాశీరాం ఇద్దరూ సుభాష్ పురమాయింపు మీదే అవతలి శనగ చేలో ఉండగా, ఊరి మంద కాలువ గట్టు దిగింది. కుసుమను పూలతో సహా నమిలి జొన్నలోకి నడిచింది. వీళ్లు పరుగెత్తుకొచ్చేసరికి సగం చేను నేలమట్టం.

సుభాష్ వచ్చాడు. వెనకాలే పెద్ద పటేల్ మారోతి, ఊళ్లోవాళ్లు నలుగురు.

"కాశీరాం కావలి కాయకుండ యాడనో పండుకున్నడు," అన్నాడు సుభాష్ అందరూ వినేలా. "గీ యేడు జొన్నలు అడుగొద్దు."

కాశీరాం తల వంచుకున్నాడు. అది చూసేసరికి భీమవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీరు అనే మర్యాద కూడా జారిపోయింది.

"పండుకున్నడా? నువ్వు తోలితేనే గదా శనగ చేన్లకు పోయింది! పెద్ద పటేలా, గీ కుసుమల మీరే చెయ్యి పెట్టి చూడుండ్రి."

మారోతి మిగిలిన సాలులోకి మోచేతి దాకా చేయి దూర్చి లాగాడు. గీత కూడా పడలేదు. ఆ చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఎందుకు తెచ్చినవ్‌రా గీ ఇత్తనం?"

"నూనె ఎక్కువ ఎల్తది బాపూ..."

"కంచెకు నూనె ఎందుకురా?" అని, భీమవ్వ వైపు తిరిగాడు. "దక్కిన జొన్నల్ల ముందుగాల మీ భాగమే తీస్కపోండ్రి."

కాశీరాం ఆమె కొంగు పట్టి లాగాడు. "జొన్నలిస్తుండ్రు గదనే. పోదాం పా."

"జొన్నలు మన కష్టం. మరి నిన్నన్న మాట? నువ్విట్ల తల వంచుతవనే వాళ్ల నోరు గట్ల లేస్తది!" గట్టు మీద కూలబడింది. "నేను కదల."

 కాశీరాం రెండడుగులు ఇంటి వైపు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి సుభాష్ ఎదురుగా నిలబడ్డాడు.

"నేను పండుకోలే, పటేలా."

గొంతు వణికింది. సుభాష్ చూపు తిప్పుకున్నాడు. కాశీరాం అక్కడే నిలబడి, ఈసారి వణక్కుండా, అదే మాట మళ్లీ అన్నాడు.