నోరు మూసిన చేప

సముద్రం మా ఇళ్ళలోకి రావడం మొదలయ్యాక వార్సినీ అక్క, మేం మైనంతో బొమ్మలు గీసి రంగులద్దే గుడ్డ మీద ఒక చేపను గీసింది. ఉపవాసం ఉండి, దువా చేసుకుని, ఆ తర్వాతే కలాన్ని వేడి మైనంలో ముంచింది. ఆ చేప గాలి కోసం నోరు తెరిచి పైకి చూస్తుంటుంది. సముద్రపు కట్ట బాగుచెయ్యమని అడగడానికి జిల్లా కార్యాలయానికి వెళ్ళినప్పుడల్లా మా ఆడవాళ్ళందరం ఆ చేప లుంగీలే కట్టుకునేవాళ్ళం. దాన్ని ఎవరికీ అమ్మకూడదని మైనం మూకుడు చుట్టూ కూర్చుని మాట అనుకున్నాం.

తియాస్ సెమరాంగ్ పట్నంలో బట్టల డిజైను చదువుతూ, పని నేర్చుకుంటానని మా ఊరొచ్చింది. అక్క ఇంట్లోనే ఉంది. నీళ్ళొచ్చిన రోజున ఉన్న ఒక్క మంచం ఆ పిల్లకిచ్చి, అక్క బల్ల మీద కూర్చునే తెల్లవార్చింది. చివరికి తన కలం కూడా ఇచ్చింది. మాలో ఎవరూ కలం ఇంకొకరికి ఇవ్వరు. దాని రాగి మొన ఒక చేతికి అలవాటు పడుతుంది. పరాయి చెయ్యి పడితే మళ్ళీ మన మాట వినదు.

"కలమే ఇచ్చేశావా అక్కా! రేపు మొగుణ్ణి కూడా ఇస్తావేమో" అంది మాతో పని చేసే తుమీ.

"ఆయన్నెవరు తీసుకుంటారే? తిండి ఖర్చు భరించలేక రెండో రోజుకే తెచ్చి దింపుతారు."

ఆ మాటకు అందరికంటే గట్టిగా నవ్వింది తియాస్.

ఎన్నికలొచ్చాయి. మా తీరంలో సముద్రాన్ని ఆపే మడచెట్లు కొట్టడానికి సంతకం పెట్టిన పెద్దమనిషే ఓట్లడగడానికి వచ్చాడు. అతని చొక్కా నిండా మా చేప. వెంట వచ్చినవాళ్ళందరి చొక్కాల మీదా అదే. కంటి చుట్టూ అక్క వేసే చుక్కలు కూడా అలాగే ఉన్నాయి. నోరు మాత్రం మూసేసి ఉంది. నవ్వుతున్నట్టుంది.

"ఎంతకమ్మావక్కా?" అంది తుమీ, అందరి ముందూ.

అక్క ఆ మూసిన నోటినే చూస్తోంది. ఆ రోజు నుంచి మూకుడు దగ్గర ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు.

శుక్రవారం తియాస్ ఆ చేప చొక్కాల మూటతో వచ్చింది.

"పెద్దమ్మా, నేను గీసిచ్చిన నీ చేప జిల్లా అంతా తిరుగుతోంది! ఇవి మీ అందరికీ."

"నోరెందుకు మూశావు తల్లీ?"

"అలా తెరిచి ఉంటే ఏడుస్తున్నట్టుంది పెద్దమ్మా. ఎవరు తొడుక్కుంటారు?"

అక్క ఎప్పటిలాగే ఆ పిల్ల ముందు తీపి టీ పెట్టింది. తాగేదాకా ఆగి, చెయ్యి చాచింది.

"నా కలం ఇలా ఇవ్వమ్మా."

తియాస్ సంచిలోంచి తీసి ఇచ్చింది. మొన ఒక పక్కకు వంగిపోయి ఉంది. గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న తుమీ లోపలికొచ్చి అక్క పక్కన కూర్చుంది.

ఆ తర్వాత చేప లుంగీ కట్టుకుని బజారుకెళ్తే, "మీరూ ఆయన పార్టీయేనా?" అని అడిగేవాళ్ళు. నోరు తెరిచి ఉందని ఎవరూ చూడలేదు. సగం గీసిన గుడ్డలన్నీ అక్క తనే మరుగునీళ్ళలో వేసి మైనం వదిలించింది.

ఈసారి జిల్లా కార్యాలయానికి ఆ తెల్ల గుడ్డలే కట్టుకుని వెళ్ళాం. దారిలో నిలిచిన నీళ్ళకి మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి.

"ఏ పార్టీ?" అన్నాడు గేటు దగ్గర కాపలావాడు.

"నీళ్ళ పార్టీ బాబూ" అంది తుమీ.

అక్క నవ్వలేదు. వంగిన కలం మొనను వేళ్ళతో సరిచేసుకుంటూ లోపలికి నడిచింది.