దీపాలు ఆరితే పర్దా తీస్తామన్నారు

ఎడపల్లి హన్మవ్వది పెద్ద గొంతు. చెరకు మడిలో ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర కట్టలు మోసే కూలీలే కాదు, పక్క కాలువలో నీళ్లు తాగే ఎడ్లు కూడా తలెత్తి చూసేవి. మనిషి చూస్తే బక్కపలచన. అంత గొంతు ఎక్కడ దాచుకుందోనని క్యాంపు వాళ్లు నవ్వేవాళ్లు. క్యాంపు అంటే కోస్తా జిల్లాల నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న రైతుల ఊరు, ఎడపల్లికి కూతవేటు దూరం.

ఊళ్లో పెళ్లయితే పాటకు ఆమె ఉండాల్సిందే. పిలిచేదీ ఊరివాళ్లే, పాడేటప్పుడు కొంగు నిండా కప్పుకొని నేలచూపులు చూడమనేదీ వాళ్లే. తల కొంచెం ఎత్తితే చాలు, ఎవరో ఒక పెద్దమనిషి దగ్గేవాడు. హన్మవ్వ కొంగు సర్దుకునేది. సర్దుకున్న ప్రతిసారీ పాట గొంతులోంచి సగమే వచ్చేది. ఆ మిగిలిన సగం ఆమెకు ఇంటికొచ్చాక కూడా నిద్ర పట్టనిచ్చేది కాదు.

పంచాయతీ ఆఫీసు కిటికీలో సర్కారు ఇచ్చిన రేడియో ఒకటి ఉండేది. సాయంత్రం హిందీ సినిమా పాటలు వచ్చేవి. మగవాళ్లు అరుగు మీద కూర్చుని వినేవాళ్లు, ఆడవాళ్లు నీళ్ల బిందె చంకన పెట్టుకుని గోడ పక్కన ఆగేవాళ్లు. ఆ పాటల్లో సగం కుముదిని దేవ్‌కర్‌వి. తెర మీద ఆడేది ఏ నటి అయినా గొంతు ఆమెదే. బొంబాయి నుంచి మద్రాసు దాకా ఆమె పేరు తెలియని వాళ్లు లేరు. ఆమె మొఖం మాత్రం ఎడపల్లిలో ఎవరూ చూడలేదు.

చూడకపోయినా చెప్పడానికి వెంకటి ఉన్నాడు. నిజామాబాదు మార్కెట్లో హమాలీ పని చేసి వచ్చినవాడు, కాబట్టి లోకమంతా చూసినట్టే లెక్క.

"మంది ముంగట తల దించుకొని పాడుతదట. కండ్లు ఎత్తదట. ఎంత పేరొచ్చినా ఆడిది ఆడిదే గద" అన్నాడు ఒకరోజు.

గోడ పక్క నుంచి హన్మవ్వ అందుకుంది. "గంత పాట తల దించుకుంటె ఎట్లస్తదిరా? నువ్వొకసారి దించుకొని మీ బర్రెను పిలువు, సూద్దం."

అరుగంతా నవ్వింది. కాని వెంకటి అన్న మాట మాత్రం ఆమెలో దిగబడిపోయింది. ఇంటికెళ్లి మొగుడు రాజలింగుతో అంది: "ఆ బొంబాయామె గూడ తల దించుకొనే పాడితే సరే, తప్పు నాదే. మల్ల నోరెత్త. ఎత్తి పాడిందనుకో, గీళ్లందరిది తప్పు. గదొక్కటి నా కండ్లతోని సూడాలె."

రాజలింగు మెత్తటి మనిషి. "బొంబాయి ఎట్ల పోతవే?" అన్నాడు.

పోవాల్సిన పని పడలేదు. అరవై ఆరులో, చెరకు ఆడే కాలంలో, బోధన్ వర్తకులు కొందరు సంఘంగా ఏర్పడి కుముదినిని ఆర్కెస్ట్రాతో సహా రప్పించారు. జీపుకు మైకు కట్టి ఊరూరా తిప్పారు. "కండ్లారా చూడండి! మీ అభిమాన గాయని మీ ఎదుట!" అని జీపు అరిచిన అరుపుకు ఎడపల్లి కోళ్లు గూళ్లలో దూరాయి.

రాజలింగుకు భయం. "గా గుంపుల ఆడోళ్లకేం పనే?"

"ఆడోళ్లకు అలగ్ జాగ ఉన్నదని జీపోడే చెప్పిండు. నువ్వు మొగోళ్లల్ల కూసో, నేను ఆడోళ్లల్ల కూసుంట. నీ ఎద్దు తప్పిపోతె గద భయపడాలె, నేనేడ తప్పిపోత?"

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు దింపి వచ్చిన బండి ఖాళీగానే ఉంది. అందులోనే బయలుదేరారు. దారిలో క్యాంపు నుంచి శివపార్వతి ఎక్కింది. ఆమె, హన్మవ్వ ఒకే కాలువ నీళ్ల మీద పోట్లాడుకుని తర్వాత స్నేహితులైన వాళ్లు. శివపార్వతి ఒడిలో చేగోడీల డబ్బా ఉంది.

"మావారు ఏమన్నారో తెలుసా హన్మవ్వా? పాట వినడానికి పోతూ పట్టుచీర ఎందుకన్నారు. ఆవిడ మనల్ని చూస్తుంది కదండీ అన్నాను. నోరు మూసుకున్నారు."

"మంచిగన్నవ్ పార్వతమ్మ. గట్లనే ఉండాలె."

బోధన్ మైదానం జాతరలా ఉంది. మోర్తాడు పసుపు రైతులు, నవీపేట వాళ్లు, గోదావరి అవతల నుంచి మరాఠీ మాట్లాడుతూ వచ్చినవాళ్లు, ఫ్యాక్టరీ పనివాళ్లు, అందరూ అక్కడే ఉన్నారు. స్టేజీ మీద రంగురంగుల బల్బులు వెలుగుతున్నాయి. ఆడవాళ్ల జాగా స్టేజీకి దగ్గర్లోనే, ఎడమ పక్కన. కాని దానికి నాలుగు వైపులా పర్దా కట్టి ఉంది. స్టేజీ వైపు కూడా.

ఆ సంగతి వెనక ఒక కథ ఉంది. ఆ రోజుల్లో టూరింగ్ టాకీసులో ఆడవాళ్ల వైపు పర్దా వేసేవాళ్లు. దీపాలు ఆర్పి బొమ్మ మొదలయ్యాక దాన్ని పక్కకు లాగేవాళ్లు, దీపాలు వెలగబోయే ముందు మళ్లీ మూసేవాళ్లు. ఆడవాళ్లు బొమ్మ చూడొచ్చు, మగవాళ్లు ఆడవాళ్లను చూడకూడదు, అదీ ఏర్పాటు. సంఘం వాళ్లు పర్దాలు ఆ టాకీసు నుంచే కిరాయికి తెచ్చారు. పర్దాలతో పాటు ఆ పద్ధతీ వచ్చింది. పాట కచేరీలో దీపాలు ఆర్పరన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

పొద్దు గూకింది. చప్పట్లు మోగాయి. వాద్యాలు లేచాయి. వాటి మీదుగా రేడియోలో విన్న ఆ గొంతు, రేడియో గరగర లేకుండా, నిండుగా వచ్చి పడింది. ఆడవాళ్లంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టి పర్దా వైపు చూశారు. గుడ్డ మీద నీడలు ఆడుతున్నాయి.

"గదే ఆమె! నిలబడ్డది, గదుగో!" అంది ఒకావిడ.

"అది నిలబెట్టిన తబలా సంచీ అండీ" అంది శివపార్వతి.

"సంచికి చేతులుంటయా?"

"పక్కన ఉన్నాయన చేతులవి."

మొదటి పాట అయింది. రెండోది అయింది. పర్దా కదల్లేదు. హన్మవ్వ లేచి గుమ్మం దగ్గరికి వెళ్లింది. అక్కడ సంఘం పెద్ద, బట్టల వ్యాపారి బాపురావు, తెల్ల టోపీ సర్దుకుంటూ కాపలా ఉన్నాడు.

"బాపురావు సాబ్, పర్దా ఎప్పుడు తీస్తరు?"

"దీపాలారంగనే తీస్తం. టాకీసుల తీస్తలేరా? గదే ఖాయిదా."

"దీపాలెప్పుడు ఆరుతయి?"

బాపురావు స్టేజీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ప్రోగ్రాం అయినంక."

"అయినంక ఎవల్ని సూడాలె, నీ మొఖమా?"

లోపల ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. బాపురావుకు కోపం వచ్చింది, అయినా ఓపికగానే చెప్పాడు. "సూడవ్వా, స్టేజి మీద పదిమంది మొగోళ్లు వాయిస్తున్నరు. గింత వెలుగుల మిమ్మల్ని సూస్తరు. రేపు మీ ఇండ్లల్ల మొగోళ్లే నా దుకానం మీదికి లొల్లికొస్తరు. పాట ఇనస్తున్నదా లేదా? ఇను."

"ఇనుడు మా ఊళ్ల రేడియోల ముఫ్తుగ ఇంట. కండ్లార సూడుండ్రి అని జీపు తిప్పింది ఎవలు?"

"జీపోడు నూరు మాట్లంటడు. దీపాలారితె తీస్తం. లేకుంటె తియ్యం. పో, కూసో."

హన్మవ్వ కూర్చోలేదు. నీళ్లు తాగి వస్తానని బయటికి నడిచింది. స్టేజీ వెనక డైనమో డబడబమంటోంది. దాని పక్కన లింగం గోనె పట్టా మీద కూర్చుని పాటకు తల ఊపుతున్నాడు. కిరాయి డైనమో, అతనిదే. ఎడపల్లి బావుల మీద ఇంజన్లు చెడిపోతే బాగు చేసేదీ అతనే.

"లింగం, గిది ఆపితే ఏమైతది?"

"చీకటైతది. మైకు బందైతది. మంది నన్ను తంతరు. ఎందుకక్క?"

"చీకటైతె పర్దా తీస్త అన్నడు బాపురావు. మాట ఇచ్చిండు."

లింగం ఆమెను చూశాడు, పర్దా వైపు చూశాడు, సంగతి అర్థమై నోరు తెరిచాడు. "ఓ అక్కా, నా కిరాయి పోతది!"

"నేనాపిన అని చెప్పు. హన్మవ్వ ఆపింది, పోయి ఆమెను అడగమను. నా పేరు దాచిపెట్టకు."

లింగం కొంచెంసేపు బుర్ర గోక్కున్నాడు. స్టేజీ మీద పాట ఒక ఎత్తు మీదికి ఎక్కుతోంది. "నేను గటు పోయి బీడి ముట్టించుకొస్త. నాకేం కనవడలే" అని లేచి వీపు తిప్పాడు.

ఇంటి బావి మీద ఇంజన్ రోజూ ఆపే చెయ్యే అది. హన్మవ్వ కడ్డీ లాగింది.

డబడబ ఆగింది. మైదానమంతా ఒక్క దెబ్బకు నల్లబడింది. మైకు పోయింది, వాద్యాలు తడబడి నిలిచిపోయాయి. పాట మాత్రం ఆగలేదు. ఎత్తుకున్న చరణాన్ని చివరిదాకా పాడి, దించి, అప్పుడే ఆపింది కుముదిని. మైకు లేని ఆ గొంతు చిన్నదిగా, కాస్త బొంగురుగా, ఒక ఆడమనిషి గొంతులా వినిపించింది.

అప్పుడు చీకట్లోంచి ఇంకో గొంతు లేచింది. దానికి మైకు ఎన్నడూ అవసరం పడలేదు.

"బాపురావు సాబ్! దీపాలారినయి! పర్దా తీయుండ్రి!"

మైదానం విరగబడి నవ్వింది. పర్దా లోపలి నుంచి ఆడవాళ్లు అందుకున్నారు: "పర్దా తీయుండ్రి! పర్దా తీయుండ్రి!"

"ముందుగాల దీపం పెట్టుండ్రి!" బాపురావు టార్చి కోసం తడుముకుంటూ అరిచాడు.

"ముందుగాల పర్దా!"

పర్దా లాగే తాడు చివర ఎక్కడుందో శివపార్వతి వచ్చినప్పుడే చూసిపెట్టుకుంది. చేగోడీల డబ్బా పక్కావిడ చేతిలో పెట్టి, తాడు అందుకుని లాగింది. టాకీసు పర్దా కదా, అలవాటుగా జరజరా పక్కకు పోయింది. బాపురావు అడ్డుకోబోయాడు, తాడు అతని టోపీని కూడా తీసుకుపోయింది.

లింగం బీడీ ముట్టించుకుని వచ్చాడు. దీపాలు వెలిగాయి.

ఆడవాళ్లలో కొందరు గబుక్కున కొంగులు లాక్కున్నారు. ఒక ముసలావిడ నాకు సిగ్గమ్మా అంటూ వెనక్కి జరిగింది, ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. బురఖాల్లో ఉన్న ఇద్దరు మాత్రం అందరికంటే ముందు వరుసలోకి వచ్చారు. మా పర్దా మా దగ్గరే ఉంది, ఈ బట్టలాయన పర్దా మాకెందుకు అన్నారు.

హన్మవ్వ పరుగున వచ్చి నిలబడింది. చూసింది.

కుముదిని పొట్టి మనిషి. చామనఛాయ. కళ్లద్దాలు. నుదుటి మీద చెమట. ఒక చెయ్యి నడుము మీద వేసి, రెండో చేత్తో తబలా అతన్ని గదమాయిస్తోంది, తాళం జారిందని కాబోలు. లోటాతో నీళ్లు తాగి, మూతి చేత్తోనే తుడుచుకుంది. ఆడవాళ్ల వైపు తిరిగింది. పర్దా ఉండాల్సిన చోట అన్ని మొఖాలు కనబడేసరికి ఒకసారి ఆగి, కళ్లద్దాలు సర్దుకుని చూసింది. నవ్వింది. పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

తల దించలేదు. గొప్పకు ఎత్తనూ లేదు. మనిషి ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు తల ఎక్కడ ఉంటుందో అక్కడే ఉంది. పాట ఎత్తుకు పోయినప్పుడు మాత్రం, చెరకు కట్టను నెత్తికెత్తుకునే కూలీకి ఉబ్బినట్టు, మెడ నరాలు ఉబ్బాయి. ఆ నరాలను ఆమె దాచుకోలేదు. హన్మవ్వకు తెలియకుండానే ఆమె కొంగు భుజం మీదికి జారింది. అక్కడే ఉండనిచ్చింది.

పాట మధ్యలోనే బాపురావు రాజలింగును వెతికి పట్టుకొచ్చాడు. టోపీ లేని నెత్తి మెరుస్తోంది.

"నీ పెండ్లామేనా ఆపింది?"

"గొంతు ఇనవడ్డది గద సాబ్. నన్నడుగుడు దేనికి?"

"మాఫీ అడగమను. లేకుంటె ఇద్దర్ని బయటికి దొబ్బుత."

రాజలింగు భార్య వైపు చూశాడు. ఆమె ఇటు తిరగనే లేదు. అంత వెలుగులో, అంతమందిలో, కొంగు లేని ఆమె తలను అతను అదే మొదటిసారి చూడటం. చాలాసేపు చూసి, బాపురావుకు చెప్పాడు: "పాట అయినంక మాట్లాడుదం. జెర పక్కకు జరుగుండ్రి సాబ్, కనవడ్తలేదు."

బాపురావు వదిలిపెట్టలేదు. వారం తిరక్కుండా ఎడపల్లి వచ్చి పంచాయతీ పెట్టించాడు. అరుగు మీద ఊరి పెద్ద ముత్తన్న పటేలు కూర్చున్నాడు. ఊరంతా చేరింది. కొంగు భుజం మీదే ఉన్న హన్మవ్వ మధ్యకు వచ్చి నిలబడింది. పెద్దమనుషులు ఇద్దరు దగ్గారు. ఆమె వినిపించుకోలేదు.

"ఒక్క మాటనే హన్మవ్వా. తప్పైందను. పోయేదేమున్నది?" అన్నాడు ముత్తన్న.

"తప్పైతె అంట పటేలా. దీపాలారితె తీస్త అన్నది ఎవలు? ఆయన. ఆరినయి. తీసిండా? తియ్యలే. మాట తప్పింది ఆయన, మాఫీ నేనడగాల్నా?"

"దీపాలు వాటంతటవే ఆరాలె, నువ్వు ఆర్పుడు కాదు" అన్నాడు బాపురావు.

"గట్లని ఖాయిదల చెప్పలే గద!"

ముత్తన్న పటేలు మీసాల చాటున నవ్వు ఆపుకోలేకపోయాడు. వెనక నుంచి వెంకటి మెడ చాపాడు. "గది సరే గని, తల ఎట్ల పెట్టి పాడిందే?"

"సక్కగ పెట్టి" అంది హన్మవ్వ. "గిట్ల."

అట్లాగే నిలబడింది. ఎవరూ దగ్గలేదు. బాపురావు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. వచ్చే ఏడు ప్రోగ్రాం పెడితే ఆడవాళ్లకు టిక్కెట్లే అమ్మనని, ఈ లొల్లి తనకు వద్దని గొణిగాడు.

"అమ్ముతవ్" అంది హన్మవ్వ. "పర్దా గూడ కట్టు, వద్దంటలేను. మొగోళ్ల దిక్కు కట్టు."