పచ్చదీపాలను నమ్మని రాజ్యలక్ష్మి గారు

రాజ్యలక్ష్మి గారు గుండెపోటుతో కన్నుమూశారని నిన్న ఉదయం అంగలకుదురు నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో శాఖలున్న మా ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగాధిపతిగా ఉండి, నాకు ఈ విద్య నేర్పిన గురువు ఆమె. సాయంత్రం సంతాపసభలో డైరెక్టరు గారు ‘మేడమ్ మా మార్గదర్శి’ అంటూ కళ్లు తుడుచుకున్నారు. ఆ కళ్లలో తడి లేదు. మార్గదర్శిని పదవి నుంచి తప్పించిందెవరో వారు మరచినా నేను మరువలేదు.

అప్పట్లో మూడు శాఖల సర్వర్లనూ కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ కొన్నారు. ఏ సర్వర్ ఎక్కడ నడుస్తోందో అదే వెతికి పట్టుకుంటుందనీ, బాగుంటే పచ్చగా, ఆగితే ఎర్రగా చూపుతుందనీ అమ్మినవారి ప్రగల్భాలు. ప్రారంభోత్సవం నాడు తెరంతా పచ్చదనమే. శాలువాలు, చప్పట్లు! ఆమె ఒక్కరే తెర దగ్గరకు వెళ్లి అడిగారు.

“ఇందులో రేపల్లె ల్యాబు సర్వర్ ఏదండి?”

“ఎర్రగా ఏదీ లేదు కదా మేడమ్, అన్నీ బాగున్నట్టే,” అన్నాడు కంపెనీ ఇంజనీరు.

“కనపడని రోగికి జ్వరం లేదని రాస్తారా మీరు?”

వెంటనే రేపల్లెకు ఫోన్ చేశారు. ల్యాబులో పనిచేసే విజయ కంగారుగా ఉంది. “పొద్దుట్నుంచీ రిపోర్టులు రావట్లేదండి. కాన్పు ఆపరేషన్‌కి తీసుకెళ్లే అమ్మాయిది కూడా ఆగిపోయిందండి.”

“చేత్తో రాసి థియేటర్‌కి పరుగెత్తమ్మా!”

“ఏంటి మేడమ్ ఇది, అతిథుల ముందు? రిబ్బన్ అయ్యాక చూద్దాం,” అన్నారు డైరెక్టరు.

“రిబ్బన్ ఆగితే ఎవరూ చచ్చిపోరండి,” అని ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ల్యాబు సర్వర్‌లో ఏం నడుస్తోందో చూసే అనుమతే ఆ సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ ఇవ్వలేదు. చూడలేనిదాన్ని అది లేదనుకుంది. అనుమతి ఇచ్చి మళ్లీ వెతికించగానే రేపల్లె సర్వర్ తెరమీదికి వచ్చింది, ఎర్రగా. పక్కనే ఉన్న నా మొహం వాడిపోవడం చూసి ఆమె నవ్వారు. “సంతోషించవయ్యా! ఇప్పుడేగా దాని అడ్రసు తెలిసింది.” ఆ తరువాత సర్వర్‌నూ నడిపించారు. రేపల్లెలో తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు.

ఆ మహోపకారానికి యాజమాన్యం చేసిన సత్కారం ఏమిటంటే, పరువు తీసిందని ఆమెను బాపట్ల శాఖలో మందుల గిడ్డంగికి మార్చడం. ఆమె కుర్చీలో డైరెక్టరు గారి మేనల్లుడు వెలిశాడు. తెర పచ్చగా ఉంటే చాలు, అతనికి మధ్యాహ్నం హాయిగా నిద్రపడుతుంది.

నిన్న సభలో నన్నూ రెండు మంచి మాటలు చెప్పమన్నారు. “ఆవిడ బతికుండగా మీరు చెప్పాల్సినవండి అవి,” అని, ఆమె పటానికి నమస్కరించి బయటికి వచ్చేశాను.

అమ్మా, ఇక్కడ ఏది కనపడట్లేదని అడిగే గొంతు ఇక లేదు. ఆ లోటు వీళ్లకింకా తెలియలేదు.